సీట్లో కూర్చున్న హెల్మెట్

దాలినాయుడు మాస్టారికి ఒక అలవాటు ఉంది. ఎవరు ఏమడిగినా చేతిలో స్పానర్ ఆపకుండా, బోల్టు బిగిస్తూనే జవాబు చెబుతారు. స్పానర్ కింద పెట్టారంటే మాత్రం అవతలివాడి పని అయిందన్నమాటే. గాజువాకలో ఆయన కారు షెడ్డుకి వచ్చేపోయేవాళ్ళందరికీ ఈ సంగతి తెలుసు. ఆదివారాలు ఆయన దగ్గర పందెం కారు తోలడం నేర్చుకునే నలుగురైదుగురు శిష్యులకి ఇంకా బాగా తెలుసు. పట్టనివాడల్లా హేమసుందరం ఒక్కడే.

హేమసుందరం ఒక మందుల కంపెనీలో పనిచేస్తాడు. సీసాల మీద చీటీలు వంకర లేకుండా అతుక్కున్నాయా లేదా అని చూడడం అతని ఉద్యోగం. ముప్పయ్యేళ్ళవాడు, బుద్ధిమంతుడు, స్టీరింగు మీద చెయ్యి కుదురైనది. మూడేళ్ళుగా ఒక్క ఆదివారం మానలేదు. ఈ ఏడాదైనా పందెంలో దిగాలని వాడి ఆశ, దింపాలని మాస్టారి ఆశ. దిగాలంటే సొంత హెల్మెట్ కొనుక్కోవాలి. అక్కడ పట్టుకుంది పీడ.

“మాస్టారూ, అన్నిటికంటే మంచి హెల్మెట్ ఏది?” అని అడిగాడు ఒకరోజు.

“నీ తలకి సరిపోయేది,” అన్నారు మాస్టారు, బోల్టు బిగిస్తూ.

ఇంకొకడైతే సరేనని వెళ్ళి కొనుక్కునేవాడు. హేమసుందరం ఒక నోటుపుస్తకం తెచ్చి, గీతలు గీసి, గళ్ళు కట్టాడు. మరుసటి ఆదివారం, మొహమంతా కప్పేది మంచిదా, తెరిచి ఉండేది మంచిదా అన్నాడు. ఆ పై ఆదివారం, ఫైబరా కార్బనా అన్నాడు. మన ఎండలకి తెలుపు నయమా మాస్టారూ, వెండిరంగు నయమా? మాస్టారు అన్నం తింటుంటే ఫోను. మాస్టారు వియ్యపురాలి దినానికి వెళితే అక్కడికీ ఫోను. హెల్మెట్ లోపల అతికించే నాణ్యత చీటీ ఏ సంవత్సరందైతే చెల్లుతుందో, ఏ సంవత్సరందైతే చెల్లదో మాస్టారికే అప్పజెప్పాడు. ముప్పయ్యేళ్ళు పందేలు తోలిన మనిషికి చెప్పాడండీ ఆ ముక్క!

ఐదో ఆదివారం మాస్టారు స్పానర్ కింద పెట్టారు.

“ఏటయ్యా సుందరం, పెళ్ళిచూపులకి వెళ్ళినప్పుడు కూడా ఇన్ని అడిగుండవు. ఇదిగో దర్జీ టేపు. కనుబొమ్మల పైనుంచి తల చుట్టూ కొలుచుకో. ఆ కొలతకి తగ్గది తెచ్చుకో. బుగ్గలు నొక్కుకోవాలి. పట్టుకుని ఊపితే మొహం మీద చర్మం కూడా కదలాలి. ఇంట్లో అరగంట పెట్టుకుని కూర్చో. నుదురు నొప్పెట్టకపోతే అదే నీది. ఇంక నా ప్రాణం తియ్యకు.”

అంతకంటే విడమరిచి చెప్పడం ఎవరి తరం? హేమసుందరం కొలుచుకున్నాడు. కాకపోతే అతనిది ఉంగరాల జుట్టు, దువ్వెన పళ్ళు విరిగేంత ఒత్తు. ఆ జుట్టు మీదినుంచే కొలుచుకున్నాడు. తెల్ల హెల్మెట్ వచ్చింది. పెట్టుకుని చూపించాడు. మాస్టారు స్వయంగా పట్టుకుని ఊపి చూసి, బాగానే పట్టింది అన్నారు. హమ్మయ్య, పీడ వదిలిందనుకున్నారు.

పందెం ఊరికి దూరంగా, విమానాలు దిగడం ఎప్పుడో మానేసిన ఒక పాత రన్‌వే మీద. ఆ ఆదివారం పొద్దున్నే మాస్టారు హేమసుందరం తోలబోయే కారు కింద పడుకుని ఏదో బిగిస్తున్నారు. పక్కన రెండు కాళ్ళు వచ్చి నిలబడ్డాయి.

“మాస్టారూ, ప్రసాదం.”

బయటికి జరిగి తలెత్తి చూస్తే గుండు. గంధం పూసిన నున్నటి గుండు. దాని కింద హేమసుందరం మొహం నవ్వుతోంది. చంకలో హెల్మెట్ ఉంది, దానికీ కుంకుమబొట్టు ఉంది.

“పందెం జాబితాలో నా పేరొస్తే తలనీలాలిస్తానని అప్పన్నకి మొక్కుకున్నాను మాస్టారూ. శుక్రవారం సింహాచలం వెళ్ళొచ్చాం.”

మాస్టారు ప్రసాదం కళ్ళకద్దుకుని నోట్లో వేసుకున్నారు. దేవుడితో ఆయనకేమీ పేచీ లేదు. చెయ్యి తుడుచుకుని స్పానర్ కింద పెట్టారు.

“పెట్టుకో, చూద్దాం.”

హేమసుందరం హెల్మెట్ పెట్టుకుని ఎడమవైపు తిరిగాడు. తల తిరిగింది. హెల్మెట్ మాత్రం ఎదరకే చూస్తూ ఉండిపోయింది.

“గుండు చేయించుకున్నాక ఒక్కసారైనా పెట్టుకుని చూశావా?”

“లేదు మాస్టారూ. దేవుడి గదిలో పెట్టాం కదా, కదపలేదు.”

తక్కిన శిష్యులు చుట్టూ మూగారు. ఒకడు తన హెల్మెట్ ఇచ్చి చూశాడు, అది మరీ వదులు. భవాని అనే అమ్మాయిది అతికినట్టు సరిపోయింది. కానీ ఆమెదీ అదే పందెం. కొని తెద్దామంటే బజారు తెరిచేసరికి పందెమే అయిపోతుంది. మాస్టారు నెత్తి కొట్టుకుని మళ్ళీ కారు కిందికి దూరారు. కోపం వచ్చినప్పుడు ఆయనకి అక్కడే కాస్త ప్రశాంతంగా ఉంటుంది.

ఈలోగా హేమసుందరం ఏం చేశాడంటే, ఒక తువ్వాలు మడతపెట్టి హెల్మెట్‌లో కుక్కి, గడ్డం కింద పట్టీ ఊపిరాడనంత బిగించి, చెకింగ్ టెంటు ముందు వరుసలో నిలబడ్డాడు. అక్కడి పెద్దమనిషి ఎండలో అప్పటికే నలభైమందిని చూసి ఉన్నాడు. తువ్వాలు చెమటకనుకున్నాడో ఏమో, లోపలి చీటీ చదివాడు, పెట్టించి పట్టీ లాగి చూశాడు, పాసయినట్టు పచ్చ స్టిక్కరు అంటించాడు. హేమసుందరం హెల్మెట్ తియ్యకుండానే పరుగెత్తుకుంటూ వచ్చాడు.

“పాసయింది మాస్టారూ!”

“వంగు,” అన్నారు మాస్టారు.

వంగాడు. మాస్టారు వెనకవైపు అంచు కింద రెండు వేళ్ళు పెట్టి ముందుకి తోశారు. తువ్వాలుతో సహా హెల్మెట్ ఊడి ఆయన చేతిలోకి వచ్చింది. ఆయన దాన్ని తీసుకెళ్ళి కారులో డ్రైవరు సీటు మీద కూర్చోబెట్టారు. దాని మీదుగా బెల్టులు లాగి బిగించారు. తలుపు వేశారు.

“ఇదేటి మాస్టారూ?”

“పాసయింది అదే కదయ్యా. అదే తోల్తాది. నువ్వు నా పక్కన కూర్చో.”

చుట్టూ ఉన్నవాళ్ళు గొల్లున నవ్వారు. హేమసుందరం మొహం కందగడ్డలా అయిపోయింది.

“మూడేళ్ళు మాస్టారూ! మూడేళ్ళు! ఇదంతా పిచ్చి అనే మా మావగారు ఇవాళ చూద్దామని వచ్చి కూర్చున్నారు. చెకింగ్ ఆయన ఒప్పుకున్నాక మీకేటి నష్టం?”

లాగి ఒక్కటివ్వాలనిపించింది మాస్టారికి. మూడేళ్ళట! ఆ మూడేళ్ళూ ఆయనవి కావూ? ఇంత కుదురైన చెయ్యి మళ్ళీ ఎప్పటికి దొరుకుతుంది ఆయనకి? బెల్టులు విప్పి హెల్మెట్ వాడి చేతిలో పెట్టారు.

“నేను ఆపను. కూర్చో. అదిగో, ఆ మట్టిలో ఒక్క యాభై అడుగులు వెళ్ళి బ్రేకు కొట్టు. తర్వాత నీ ఇష్టం.”

హేమసుందరం విసురుగా తువ్వాలు మళ్ళీ కుక్కి, పెట్టుకుని, బెల్టు బిగించుకుని కారు కదిపాడు. వేగమేమీ లేదు, సైకిలు మీద వెళ్ళేవాడు దాటిపోగలడు. బ్రేకు కొట్టాడు. కారు ఆగింది. హెల్మెట్ ఆగలేదు, ముందుకి జారి ముక్కు దాకా దిగిపోయింది.

వెంటనే పైకి తోసుకుంటాడనుకున్నారు అందరూ. తోసుకోలేదు. ఏమీ కనబడకుండా, రెండు చేతులూ స్టీరింగు మీద పెట్టుకుని అలాగే కూర్చున్నాడు. భవాని వెళ్ళబోతే మాస్టారు చెయ్యి అడ్డం పెట్టారు. కాసేపటికి తనే హెల్మెట్ తీసి, కారు దిగి, తిన్నగా టెంటులోకి వెళ్ళి జాబితాలో తన పేరు తనే కొట్టేసి వచ్చాడు. ఎవరివంకా చూడలేదు.

పందెం మొదలయింది. మూడో వరుసలో ఒక కారు చోటు ఖాళీగా ఉంది. అవతల పందిట్లో మావగారు, మనవాడి కారు ఏదండీ అని పక్కవాళ్ళని అడుగుతున్నారు. హేమసుందరం పాత టైరు మీద కూలబడి, మోచేతులు మోకాళ్ళకి ఆనించి, రెండు చేతులతో గుండు పట్టుకుని కూర్చున్నాడు.

మాస్టారు వచ్చి పక్కన ఇంకో టైరు మీద కూర్చున్నారు. చాలాసేపు ఇద్దరూ కార్లు చూశారు. భవాని బాగానే తోలుతోంది. పక్కన దింపి ఉన్న పాత ఇంజను బోల్టు ఒకటి కాస్త వదులుగా కనబడితే మాస్టారు స్పానర్ అందుకున్నారు. బిగిస్తూ, ఇంకా గుండు పట్టుకునే ఉన్న శిష్యుడివంక ఓరగా చూశారు.

“ఇప్పుడు పెట్టావు చూడు చెయ్యి,” అన్నారు. “మొదటిరోజు నుంచీ అక్కడ పెట్టమనే నాయనా నేను మొత్తుకుంటున్నది.”