కొత్త బండికి ఎదురు

కొత్త బండికి పూజ చేసిన ప్రతిసారీ శేషాచార్యులు గారు దాని యజమానికి ఒక మాట చెప్పేవారు. ఇంజను స్టార్టు చేసే ముందు దారి చూసుకోవాలి, చేశాక మాత్రం గుడి గేటు దాటేదాకా ఆపకూడదు. రోడ్డు పక్కనున్న ఆ ఆంజనేయస్వామి గుడికి చుట్టుపక్కల ఊళ్లలో ఎవరు బండి కొన్నా తెస్తారు. హ్యాండిలుకు దండ వేసి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి, కొబ్బరికాయ కొట్టించుకుని, ఆ నిమ్మకాయల్ని తొక్కించుకుంటూ బయల్దేరతారు. ఇంజను సంగతి కూడా శాస్త్రంలో ఉన్నదే కాబోలని అందరూ తలూపేవారు. ఆయన దగ్గర అర్చన నేర్చుకుంటున్న సారంగపాణి మాత్రం ఆ ముక్క ఏ పుస్తకంలోనూ చూడలేదు.

ఒక శనివారం పొద్దున ఎవరో కుర్రవాడు కొత్త మోటారుసైకిలు తెచ్చాడు. పూజ అయింది. అతను ఇంజను స్టార్టు చేశాడు. సరిగ్గా అప్పుడే గేటు దగ్గర అరటిపళ్లు అమ్ముకునే ముసలావిడ బుట్ట చంకనెత్తుకుని ఇటు రాబోయింది. ఆమెకు భర్త లేడని అందరికీ తెలుసు. కుర్రవాడు ఇంజను ఆపి, తలవంచుకుని కూర్చున్నాడు. ముసలావిడ ఒక్క క్షణం నిలబడి, వెనక్కి తిరిగి తన గోనెపట్టా నీడలోకి వెళ్లి కూర్చుంది. అప్పుడతను మళ్లీ స్టార్టు చేసి, నిమ్మకాయలు తొక్కించి వెళ్లిపోయాడు. శేషాచార్యులు గారు ఆ బండి వెళ్లిన వైపే చూస్తూ తల అడ్డంగా ఊపారు.

పూజ గిన్నెలు తోముతూ సారంగపాణి అడిగాడు. "స్వామీ, ఆ అబ్బాయి ఆవిణ్ణి ఒక్క మాట అనలేదు. ఊరికే ఇంజను ఆపాడు. అందులో తప్పేముంది?"

ఆయన పాల గౌరునాయుడు తెలుసా అని అడిగారు. సారంగపాణికి తెలుసు. పాల వ్యాన్లున్న మనిషి. ఇన్ని బండ్లు పెట్టుకుని గుడికి మాత్రం ఎండనకా వాననకా నడిచే వస్తాడు. అతను తనకు చెప్పిన సంగతేనంటూ ఆయన ఇలా చెప్పారు.

గౌరునాయుడిది మెట్టవలస. పడుచుతనంలో, ఎవరూ పెట్టమనకుండానే, ఊళ్లో పాలు పోగుచేసి టౌనులోని పాలకేంద్రానికి చేర్చే పని పెట్టుకున్నాడు. సైకిలుకు అటొక క్యానూ ఇటొక క్యానూ. లెక్కల్లో చురుకైనవాడు. ఏ ఇంటి గేదె ఎన్ని పాలిస్తుందో, ఎండ ముదిరేలోగా కేంద్రానికి చేరాలంటే ఏ వేళకి ఏ మలుపు దాటాలో కాగితం అక్కర్లేకుండా చెప్పేసేవాడు. కానీ లెక్క ఎంత బాగున్నా సైకిలు సైకిలే. మొదటి వేసవిలో పాలు దారిలోనే విరిగాయి. ఆ మర్నాటి నుంచి ఊళ్లో ఒక్కొక్క గుమ్మమే అతనికి మూసుకుంటూ వచ్చింది. పాలు ఇంట్లోకే చాలడం లేదని ఒకరు, దూడ తాగేసిందని ఒకరు.

ఊరి చివర వీధిలో సన్యాసమ్మ అని ఒంటరి మనిషి ఉండేది. భర్త పోయి చాలా కాలమైంది. ఉన్నది ఒక్క గేదె. ఆవిడ మాత్రం అతణ్ణి ఆపి, తన గేదె పాలిచ్చినన్నాళ్లూ అతనికే పోస్తానంది. పొద్దున్నే మొదట తన దగ్గరికే రమ్మంది. అతను వెళ్లాడు. ఆ రోజు పాలు విరగలేదు, ఆ వారమంతా విరగలేదు. వ్యాపారం చేసుకునేవాడికి బోణీ చేసిన చెయ్యి మీద గురి కుదిరితే ఇక అంతే. తర్వాత ఊరంతా మళ్లీ పాలు పోయడం మొదలుపెట్టినా, సన్యాసమ్మ చేతి పాలు క్యాను అడుగున పడందే అతను ఇంకో ఇంటి ముందు సైకిలు దింపేవాడు కాదు. ఆవిడ పితకడం ఆలస్యమైతే గుమ్మంలోనే కూర్చుని, పిన్నీ అని పిలుస్తూ కబుర్లు చెప్పేవాడు. ఇందులో ఎంచవలసింది ఏదైనా ఉందని ఊళ్లో ఎవరికీ తోచలేదు, అతనికీ తోచలేదు.

మోటారుసైకిలుంటే ఎండ ముదిరేలోగా పక్క ఊళ్ల పాలు కూడా అందుకోవచ్చని అతని లెక్క తేల్చింది. మూడేళ్లు కడుపు కట్టుకున్నాడు. కొనే ముందురోజు ఆ మాట మొదట చెప్పింది కూడా సన్యాసమ్మకే. "రేపు బండొస్తంది పిన్నీ. బోణీ నీదే," అన్నాడు. ఆవిడ ఏటి బండి బాబూ అని అడిగి, సంగతి తెలిశాక గేదె వీపు మీద ఒక్కటి చరిచి, విన్నావా అంది.

ముహూర్తం దాకా చక్రం నేల మీద తిరగకూడదని తల్లి పట్టుబట్టడంతో, బండిని షోరూము నుంచి ట్రాలీ ఆటోలో తెచ్చి ఇంటి ముందు దింపారు. మర్నాడు తెల్లారేసరికి వీధి వీధంతా అక్కడే ఉంది. సీటు మీద ప్లాస్టిక్ కవరు అలాగే ఉంది. నంబరు ఇంకా పడలేదు. ముందు బ్రేకెక్కడుందో చూసుకో నాయుడూ, మిగతావి అవే దొరుకుతాయని స్నేహితులు ఆటపట్టించారు. తల్లి అన్నీ అమర్చి పెట్టింది. చక్రాల కింద నిమ్మకాయలు, హ్యాండిలుకు బంతిపూల దండ. పక్కింటి రత్నాలు పిల్లాపాపలున్న ముత్తయిదువ. ఆవిడ నీళ్లబిందె చంకనెత్తుకుని వీధి మలుపులో నిలబడింది. ఇంజను చప్పుడు వినగానే ఎదురు రావాలని చెప్పి ఉంచారు.

గౌరునాయుడు దణ్ణం పెట్టుకుని, ఎక్కి కూర్చుని, కిక్కు కొట్టాడు. ఇంజను పలికింది. ఆ వణుకు అతని మోకాళ్లలోంచి భుజాల దాకా పాకింది. అంత సంతోషం తనకు అంతకు ముందు లేదని, ఆ తర్వాత కూడా లేదని అతను చెప్పేవాడు.

మలుపులోంచి రత్నాలు కదలకముందే, పక్క సందులోంచి సన్యాసమ్మ వచ్చింది. చేతిలో పాలచెంబు, దాని మీద ఆకు మూత. ఊళ్లో ఏ పెళ్లికీ ఏ గృహప్రవేశానికీ, ఎవరూ చెప్పకుండానే వెనక గదిలో ఉండిపోయే మనిషి. ఆ ఒక్కపూట అదేదీ గుర్తు రాలేదు. రోజూ ఆ వేళకి అతనికి పాలు పోయాలి, కొత్త బండికి బోణీ నీదేనని అతనే అన్నాడు, అందుకని వచ్చింది. నవ్వుతూ వచ్చింది.

ఆవిణ్ణి చూడగానే మొదట అతనికీ నవ్వొచ్చింది. పిలవబోయాడు కూడా. ఇంతలో వెనక తల్లి ఊపిరి బిగబట్టిన చప్పుడు విన్నాడు. వీధంతా ఒక్కసారి మాట ఆపేసింది. రత్నాలు బిందెతో ఉన్నచోటే నిలబడిపోయింది. అందరూ అతని వైపే చూస్తున్నారు. గౌరునాయుడు ఏమీ అనలేదు. తాళం తిప్పి ఇంజను ఆపాడు.

ఆవిడ ఆగింది. చక్రం కింది నిమ్మకాయను చూసింది, మలుపులో రత్నాలునీ బిందెనీ చూసింది, చివరికి అతని ముఖం చూసింది. అతను దండలో పువ్వొకటి సర్దుతున్నాడు. చెంబు మీద ఆకు జారకుండా అరచేత్తో నొక్కిపట్టుకుని ఆవిడ వచ్చిన సందులోకే వెళ్లిపోయింది. ఇంకొంచెం సేపాగి అతను మళ్లీ కిక్కు కొట్టాడు. రత్నాలు ఎదురొచ్చింది. నిమ్మకాయలు చితికాయి. కుర్రాళ్లు ఈలలు వేశారు. కాలవగట్టు దాకా వెళ్లి తిరిగొచ్చేశాడు. గాలి ముఖానికి ఎలా తగిలిందని స్నేహితులు అడిగితే అతనికి చెప్పడానికేమీ గుర్తు లేదు.

ఆ సాయంత్రం బండి మీద ఆవిడ ఇంటికి వెళ్లాడు. పాలచెంబు అరుగు మీద పెట్టి ఉంది, ఆకు మూతతో. తలుపు వేసి ఉంది. పాలు వొంపుకుని, చెంబు కడిగి బోర్లించి వచ్చేశాడు. మర్నాడూ అంతే. అతను బండి ఆపి దిగేసరికి ఆవిడ చెంబు అరుగు మీద పెట్టేసి లోపలికి వెళ్లిపోయి ఉండేది. పాలు ఒక్కపూట మానలేదు, ఒక్క చుక్క తగ్గలేదు. నాలుగు రోజులు పోతే అదే సర్దుకుంటుందనుకున్నాడు. అలా నెలలు గడిచాయి.

వ్యాపారం అతను వేసిన లెక్కకన్నా బాగా సాగింది. పక్క ఊళ్లు రెండూ అతని చేతికొచ్చాయి. అతనికి మాత్రం రోజూ పొద్దున్నే ఆ మూసిన తలుపు ముందు చెంబు కడిగి బోర్లించడం కష్టంగా ఉండేది. చప్పుడు వినే కదా లోపలికి వెళ్తోందని ఒకరోజు వీధి మొదట్లోనే ఇంజను ఆపేసి, క్యాన్లతో ఉన్న బండిని చెమటలు కక్కుకుంటూ ఆవిడ గుమ్మం దాకా తోసుకెళ్లాడు. గుమ్మం ముందుకొచ్చేసరికి లోపల గడియ పడింది. బండి చప్పుడు విన్నంతసేపూ ఆవిడ అరుగు మీదే ఉంది. ఇంజను ఆగిన తర్వాతే లేచింది. ఆ సంగతి అతనికి అక్కడ నిలబడ్డాక అర్థమైంది.

మధ్యాహ్నం బండి ఇంట్లో వదిలి నడిచి వెళ్లాడు. తలుపు బార్లా తీసి ఉంది. రా బాబూ అంది, మజ్జిగ ఇచ్చింది, అమ్మ మోకాళ్ల నొప్పి ఎలా ఉందని అడిగింది. ఎప్పటి పిన్నే. కోపం లేదు, ఎత్తిపొడుపు లేదు. అదే అతనికి భరించరానిదైంది. గ్లాసు కింద పెట్టి, "ఆ రోజు నేను నిన్నేమీ అనలేదు పిన్నీ," అన్నాడు.

"అనలేదు బాబూ," అంది ఆవిడ. "నువ్వెప్పుడన్నావు?"

అని గ్లాసు తీసి కడగడానికి వెళ్లింది.

ఇంకో రెండు వర్షాకాలాలు గడిచాయి. మూడోదానిలో సన్యాసమ్మకు జ్వరం పట్టుకుంది. ఒకపూట అరుగు మీద చెంబు లేకపోతే అతను తలుపు తోసి లోపలికి వెళ్లాడు. ఆవిడ చాప మీద పడి ఉంది, ఒళ్లు పెనంలా కాలుతోంది. వెనక కూర్చో పిన్నీ, పట్టుకో చాలు, తెల్లారేలోగా పెద్దాసుపత్రిలో ఉంటామన్నాడు. ఆవిడ కళ్లు తెరిచి గుమ్మం బయటున్న బండిని చూసింది. అప్పటికి దాని సీటు చిరిగిపోయింది, గోనెసంచి మడతపెట్టి కట్టుకున్నాడు. మడ్‌గార్డు సొట్టలు, హెడ్‌లైటు మీద ఎండిన పాల మరకలు.

"వొద్దు బాబూ," అంది. "కొత్త బండి."

ఎంత బతిమాలినా లేవలేదు. చివరికి బండి వేసుకుని తారురోడ్డు దాకా వెళ్లి ఒక ఆటోను పిలుచుకొచ్చాడు. వానకు దారంతా బురద. ఆటో ఊళ్లోకి రావడానికే చాలాసేపు పట్టింది. ఆవిణ్ణి ఎత్తి అందులో పడుకోబెట్టాడు. టౌనులో ఉన్న ఆవిడ అక్క కొడుకు ఆసుపత్రి దగ్గర చూసుకుంటానని కబురు పంపాడు. గేదెను గౌరునాయుడు తన ఇంట్లో కట్టేసుకున్నాడు. ఆవిడ వచ్చాక మళ్లీ ఎదురుగా నిలబడి బోణీ చేయమని ఎలా అడగాలా అని దారిపొడుగునా మాటలు కూర్చుకునేవాడు.

ఆ వారంలోనే మొదటి వ్యాను కొనడానికి రోజు కుదిరింది. తల్లి మంచి వేళ చూసి పంపింది. గౌరునాయుడు బండి నడుపుతుంటే, అతని బావమరిది వెనక కూర్చున్నాడు. వాడిది వేరే ఊరు, ఈ కథ వాడికేమీ తెలియదు. ఊరు దాటాక కాలవ మీద సన్నటి వంతెన ఉంది. ఒక బండి వెళ్తుంటే ఇంకోటి ఆగవలసిందే. వంతెనకు అవతల నుంచి ఒక ఆటో మెల్లగా వస్తోంది. అతను పిలుచుకొచ్చిన ఆటోనే. వెనక సీటుకు అడ్డంగా తెల్లబట్టలో మనిషి. తలను ఒళ్లో పెట్టుకుని అక్క కొడుకు కూర్చున్నాడు. ముఖం మీద బట్ట కప్పలేదు.

బావమరిది వెనక నుంచి అతని భుజం తట్టాడు. "శవం ఎదురొస్తంది బావా. ఇంతకన్నా మంచి శకునం లేదు. ఆపకు, పోనీ."

శేషాచార్యులు గారు అక్కడితో చాలించారు. గేటు దగ్గర ముసలావిడ గోనెపట్టా చుట్టి చంకన పెట్టుకుంటోంది. మామూలుగా ఆవిడ సాయంత్రం దాకా ఉంటుంది. సారంగపాణి తోమిన గిన్నెనే మళ్లీ తోమాడు. చివరికి, అప్పుడతను ఏం చేశాడు స్వామీ అని అడిగాడు.

"ఏం చేస్తాడు నాయనా," అన్నారాయన. "ఇంజను ఆపాడు."