తాయారమ్మ తోడు గిన్నె

దగ్గరికి జరుగు అమ్మలూ. దీపం ఆర్పనులే.

అనగనగా కొండవాలున ఒక ఊళ్ళో తాయారమ్మ అని ఒక ముసలావిడ ఉండేది. ఆవిడ కూతురు ఎక్కడో అస్సాంలో కాపురం ఉండేది. ఆ కూతురికి ఒక కూతురు, పేరు జోనాకి. పాపం, ఆ పిల్లకి అక్కడి భాషా, బళ్ళో నేర్చిన ఇంగ్లీషూ తప్ప తెలుగు రాదు. అమ్మమ్మని ఒక్కసారైనా చూడలేదు. మామిడిపళ్ళ రోజుల్లో వస్తున్నామని కబురొచ్చింది.

తాయారమ్మకి సంతోషం కన్నా ముందు భయం వేసింది. నా మాట తెలియక పిల్ల నా దగ్గరికి రాకపోతే?

అప్పుడు బడి టీచరు గ్రేసమ్మని బతిమాలుకుంది. గ్రేసమ్మ రోజుకొక్క ఇంగ్లీషు మాట చెప్పేది. ఒకరోజు అంబ్రెల్లా. ఒకరోజు స్పూను. ఒకరోజు వింత మాట చెప్పింది. భయమేస్తే కడుపులో సీతాకోకచిలుకలు ఎగిరినట్టు ఉంటుంది కదా, దాన్ని వాళ్ళు బటర్‌ఫ్లైస్ ఇన్ మై స్టమక్ అంటారట.

తాయారమ్మ పెరుగు గడ్డలా తోడుకునేది. అందుకని ఇరుగుపొరుగు మూడిళ్ళకీ ఆవిడే తోడు ఇచ్చేది. చీకటి పడ్డాక తోడు ఇవ్వకూడదు కదా, దీపాల వేళ కాకముందే చిన్న గిన్నె పట్టుకుని వెళ్ళేది. పాలలోకి చెంచాడు పెరుగు వేసి, ఆ రోజు మాట కూడా చెప్పి వచ్చేది. జోనాకి ఇలా, జోనాకి అలా అని కాసేపు మురిసిపోయేది. వాళ్ళు నవ్వేవారు.

ఆ ఊళ్ళో మరుపు అని ఒకటి తిరుగుతుండేది. దానికి కాళ్ళు లేవు, చప్పుడు లేదు. పొడుగాటి నాలుక మాత్రం ఉంది. ముసలివాళ్ళ ఇళ్ళు చూసుకుని మరీ దూరేది.

మొదట అది అంబ్రెల్లాని నాకేసింది. పోనీలే అనుకుంది తాయారమ్మ. ఆ తర్వాత స్పూనుని నాకేసింది. తాయారమ్మకి చెమటలు పట్టాయి. ఆ తర్వాత ఒక పొద్దున మజ్జిగ చిలుకుతూ ఆగిపోయింది. చేతిలో ఉన్నదాన్ని ఏమంటారో గుర్తు రాలేదు. కవ్వం, అమ్మలూ. పుట్టినప్పటినుంచీ తెలిసిన కవ్వం.

ఉన్నవన్నీ పంచిపెట్టడం వల్లే పోతున్నాయనుకుంది. అప్పుడు తలుపు వేసుకుంది. తోడు ఇవ్వడం మానేసింది, మాట చెప్పడమూ మానేసింది. పెదాలు బిగించి, మిగిలిన మాటలు లోపలే దాచుకుంది. తలుపు మూసిన ఇంట్లో మరుపుకి ఇంకా హాయి.

పిల్ల వచ్చే రోజు రానే వచ్చింది. ఎండకి పెరుగు చెడిపోయింది, తోడుకి చుక్క లేదు. పిల్లకి పెరుగన్నం ఎలా అని గిన్నె అందుకుంది. అప్పుడు తెలిసింది, ఆ పిల్ల పేరే లేదు. ఎంత వెతికినా లేదు.

వణుకుతూ వీధిలోకి వచ్చింది. మొదటి ఇంట్లో చిట్టెమ్మ గిన్నెలో తోడు వేసింది. ఇది నీ పెరుగే, మా ఇంట్లో పెరిగింది అంది. తోడు దొరికింది కానీ, పేరు కోసం ఇంకో గుమ్మం ఎక్కింది. రెండో ఇంట్లో నూకాలు ఆవిడ చేతులు చూసి, ఏం పిన్నీ, కడుపులో బటర్‌ఫ్లైసా అని వెక్కిరించింది. ఆ మాట కూడా పోయిందని తాయారమ్మకి అప్పుడే తెలిసింది. తాయారమ్మ దాన్ని కొంగున కట్టుకున్నట్టు గట్టిగా పట్టుకుంది.

మూడో ఇంటి గుమ్మంలో నిలబడిపోయింది. నా మనవరాలి పేరేమిటి అని ఎవర్ని అడుగుతారమ్మా?

లోపల సన్యాసమ్మ మేకపిల్లని కేకేస్తోంది. "జోనాకీ, బియ్యంలో మూతి పెట్టావంటే చూడు." తాయారమ్మని చూసి సిగ్గుపడింది. "ఏమనుకోకు వదినా. రోజూ నీ నోట విని విని, ముద్దొచ్చి దీనికి పెట్టుకున్నాం."

తాయారమ్మ ఆ మేకపిల్లని పట్టుకుని ఏడ్చింది. ఎందుకో సన్యాసమ్మకి తెలియలేదు.

సాయంత్రం పిల్ల వచ్చింది. గడప దాటలేదు. తల్లి చీర పట్టుకుని, ఇంకో చెయ్యి కడుపు మీద పెట్టుకుని నిలబడింది. తాయారమ్మ కూడా తన కడుపు మీద చెయ్యి పెట్టుకుంది.

"జోనాకీ," అంది. "బటర్‌ఫ్లైస్?"

పిల్ల తలూపింది. తాయారమ్మ కూడా ఊపింది. అప్పుడు పిల్ల గడప దాటింది.

మరుపు పోలేదమ్మా, అక్కడే తిరుగుతోంది. కానీ ఏ మాట ఏ ఇంట్లో ఉందో దానికి తెలియదు. ఈ కథ కూడా చెంచాడు నీ దగ్గర ఉంచుతున్నాను. ఎప్పుడైనా నేను గిన్నె పట్టుకుని వస్తే, నవ్వకుండా వెయ్యి.

పెరుగేమో పాలకి, మాటేమో పొరుగుకి,
కథేమో కంచికి, మనమేమో దుప్పట్లోకి.