ఏనుగుబారు కొండకి తలో రాయి

అనగనగా... ఊఁ కొట్టాలి మరి, లేకపోతే కథ సగంలో ఆగిపోతుంది. ఆఁ, అదీ! అనగనగా మణిపూసల సామ్రాజ్యమని ఒకటుండేది. దానికి తూర్పు పొలిమేరన పెద్ద కొండల వరస. ఒకదాని తోక ఒకటి పట్టుకుని ఏనుగులు నడుస్తున్నట్టు ఉండేదని దాన్ని ఏనుగుబారు అనేవాళ్ళు. ఆ కొండలు దాటడానికి ఒకటే ఇరుకు కనుమ. ఒక బండి పడితే రెండోది పట్టదు.

ఆ కనుమ పైన బుడ్డెమ్మ అనే ముసలమ్మ వచ్చేపోయేవాళ్ళకి గంజి పోసేది. ఊరికే కాదు సుమా! "మీ కాళ్ళ కింద పడి మా కొండ అరిగిపోతోంది. కిందనించి తలో రాయి మోసుకొచ్చి పెడితేనే గంజి" అనేది. అది వాళ్ళ తాతలనాటి ఆచారం. రాయి తేనివాడు ఎంత గొప్పవాడైనా సరే, మళ్ళీ దిగి తెచ్చుకోవాల్సిందే.

ఒకనాడు అవతలి దేశపు రాజు ప్రచండుడు దండెత్తి వచ్చాడు. ఇవతల కనుమ కిందే బుడ్డెమ్మ ఊరు. కొర్రచేలు కోతకొచ్చి ఉన్నాయి. ఆ సైన్యం దిగిందంటే ఇక గింజ మిగలదు, కొంప మిగలదు. కాపలా భటులు దుమ్ము చూసే పరుగో పరుగు! బుడ్డెమ్మకీ భయమేసింది పాపం. అయినా గంజికుండ దగ్గర్నించి కదల్లేదు.

మొదట ముగ్గురు వేగులవాళ్ళు వచ్చారు. "ఏయ్ అవ్వా, దారి తప్పుకో!" అన్నారు.

"తప్పుకుంటాలే నాయనా, రాయేదీ? రాయి పెట్టకపోతే కొండ కాళ్ళు పట్టేస్తుంది" అంది బుడ్డెమ్మ. అంత ఎత్తు ఎక్కారేమో, వాళ్ళ పిక్కలు అప్పటికే పట్టేసి ఉన్నాయి. "అమ్మబాబోయ్, నిజమే!" అని కుంటుకుంటూ దిగి తలో రాయి తెచ్చారు.

ఆ తర్వాత వెయ్యిమంది కాల్బలం వచ్చింది. వేగులవాళ్ళు సంగతి ముందే చెప్పేశారు. భయంకొద్దీ ఒక్కొక్కడూ రెండేసి రాళ్ళు తెచ్చాడు. మామూలప్పుడైతే బుడ్డెమ్మ వాటిని పక్కకి పేర్పించేది. ఆ రోజు అంత తీరికెక్కడిది? ఎక్కడపడితే అక్కడ పడేశారు. కనుమ నడుందాకా నిండింది. తనకంటే ముందు ఎవ్వరూ పరదేశంలో కాలు పెట్టకూడదని రాజాజ్ఞ. అందుకని అందరూ అవతలే కూర్చుని, రాళ్ళకి ఇవతలనించి బుడ్డెమ్మ అందించిన గంజి తాగారు.

ఆఖరికి ప్రచండుడు ఏనుగెక్కి వచ్చాడు. రాళ్ళగుట్ట చూశాడు. మీసం దువ్వాడు. "బంట్రోతుకీ రాయే, నాకూ రాయేనా? నా రాయి అందరికంటే పెద్దదై ఉండాలి!" అని హుంకరించాడు.

అప్పుడు పది ఏనుగులు కలిసి ఇల్లంత బండని దొర్లించుకొచ్చాయి. "ఇంకొంచెం... ఇంకొంచెం..." అని రాజే దగ్గరుండి తోయించాడు. బండ ధభేల్మని కనుమలో కూలబడింది. ఇంక చీమ దూరే సందు లేదు.

అప్పుడు తట్టింది రాజుకి, తను అవతలే ఉండిపోయానని. మంత్రిని చూశాడు. మంత్రి నేల చూశాడు. బండని వెనక్కి లాగమంటే ఏనుగులు చతికిలబడ్డాయి. ఎవడైనా నవ్వితే తల తీయించేద్దామని రాజు చుట్టూ చూశాడు. ఎవడు నవ్వుతాడు?

అంతలో బండ ఇవతలనించి బుడ్డెమ్మ కేకేసింది. "మారాజా! మా తాతలనాటినించీ ఇంత పెద్ద రాయి ఎవ్వరూ పెట్టలేదయ్యా! ఇంక వెయ్యేళ్ళదాకా మా కొండ అరగదు. నువ్వు చల్లగుండాలి!" ఆ మాటలో ఎకసెక్కం లేదమ్మా. నిజంగానే ఆవిడ కళ్ళు చెమర్చాయి.

రాజు మొహం చేటంత అయింది. "విన్నారా? వెయ్యేళ్ళట!" అంటూ సైన్యాన్నంతా వెనక్కి తిప్పాడు. ఓడిపోయానన్న మాటే మరిచిపోయి, తోవ పొడుగునా బాకాలూదించుకుంటూ వెళ్ళాడు పిచ్చిమారాజు!

రాయి కొండకి, రాజు కోటకి,
కొర్రలు గాదెకి, కథేమో కంచికి,
నిద్దరేమో మా చిట్టితల్లి కంటికి!