కుంటని గంట

తుమ్మలతోపులో జంతువులన్నీ వాగుకి వెళ్ళేది ఒకే దారిన. అందరిదీ కాబట్టి దాన్ని ఎవరూ బాగుచెయ్యరు, ఎవరు పాడుచేసినా అడగరు. అడవిపంది తుంగగడ్డల కోసం ఆ దారిని నడిమధ్యన తవ్వి వదిలేసింది. పైన గడ్డి మొలిచింది. సోముడనే ఎద్దు ఎర్రటి ఎండలో నీళ్ళకి వెళ్తూ ఆ గోతిలో కాలు వేశాడు. ముందుకాలి కీలు తప్పింది.

సోముడు నెమ్మదస్తుడు. తోక తొక్కినా తిరిగి చూసేవాడు కాదు. అలాంటివాడు తగవులు తీర్చే ముసలి గేదె దగ్గర ఫిర్యాదు పెట్టాడంటే ఆకలి అంతపని చేయించింది. గోతులు పూడ్చాలి, కాలు బాగయ్యేదాకా పంది తనకి మేత తెచ్చి పెట్టాలి అని అడిగాడు. ఆ మేత రాకపోతే వానలు చూడడు. పంది మాత్రం నక్క ప్లీడరుని పెట్టుకుంది.

కీలు సరిచేసింది గూబమ్మ. చింతచెట్టు తొర్రలో ఉండే గుడ్లగూబ. ఆ రోజు సోముడు నిలువెల్లా వణికాడు.

"కాలు నెప్పికి ఇంత వణుకేమిటయ్యా?" అందామె.

"కాలు కాదమ్మా. దూరంగా ఉరిమింది. ఉరుమంటే నాకు చిన్నప్పట్నుంచీ భయం. మా జోడెద్దుకి కూడా తెలీదు."

"నా తొర్రలో పడ్డ మాట బయటికి ఎగరదు, పడుకో."

ఇక్కడ గంటల సంగతి కాస్త చెప్పుకోవాలి. ఆ తోపులో మెడగంట లేని ఎద్దు లేదు. గూబమ్మకి పగలు చూపు ఆనదు, రోగులేమో పగలే వస్తారు. అందుకని ఆమెది ఒక పద్ధతి: కింద రోగి గంట మోగితేనే ఆ రోగి గురించి నోరు విప్పుతుంది. ఎంత చుట్టమొచ్చినా అంతే.

విచారణకి ముందు రోజు నక్క దారిలో ఎదురైంది.

"సోమన్నా, డాక్టరమ్మతో ఒక్క మాట మాట్లాడొస్తా. నీకేం అభ్యంతరం లేదుగా?"

"ఉంది. అడిగేదేదో గేదెమ్మ ముందు, నేనుండగా అడుగు."

"ఓహో! దాచుకునేది ఏదో ఉందన్నమాట!" అని నవ్వుకుంటూ పోయింది నక్క.

సోముడికి మేత సయించలేదు. కాలు సంగతి ఎవరు విన్నా సరే. ఉరుము సంగతి బయటపడితే తోపంతా తన వెనక ఉరుముతుంది. కాడి కింద ఎవరు నిలబడతారు పక్కన?

మర్నాడు అందరూ చింతచెట్టు కింద చేరారు. గేదె నెమరేస్తూ కూర్చుంది. ఆమె నెమరు ఆపిందంటే తీర్పు వచ్చినట్టే.

నక్క గొంతు సవరించుకుంది. "పెద్దమ్మా, నిన్న సోముడూ నేనూ కలిసే వెళ్ళాం. అతని గంట మోగాకే గూబమ్మ మాట్లాడింది. కాళ్ళు నాలుగూ గట్టిగా ఉన్నాయని తనే అంది."

"నిన్న నేను చింతచెట్టు దగ్గరికే రాలేదు!" అన్నాడు సోముడు.

గేదె చెట్టుకేసి చూసింది. "అన్నావా గూబమ్మా?"

"అన్నాను."

సోముడు తలెత్తి తొర్రకేసి చూశాడు. ఈమే చెప్పేసిందంటే ఉరుము మాట కూడా పోయినట్టే.

"ఎలా అన్నావు?"

"నక్కగారు వచ్చి, 'సోముడు పక్కనే ఉన్నాడు, గొంతు పట్టేసింది, నేను మాట్లాడతా' అన్నారు. గంట మోగింది. ఇంకా ఏమేం రోగాలున్నాయో చెప్పమన్నారు. రోగి పక్కనే ఉంటే రోగినే అడగొచ్చు కదా అనుకున్నాను. నాలుగడుగులు వెయ్యమన్నాను. టంగు టంగుమని ఒక్క దెబ్బ తప్పలేదు. ఈ గంట కట్టుకున్నవారి కాళ్ళు గట్టివే అన్నాను. ఇప్పుడూ అంటాను. సోమా, కాస్త నడువు నాయనా."

సోముడు నడిచాడు. టంగు... ట... టంగు.

"ఇది కుంటే గంట. నిన్నటిది కుంటని గంట. అదెవరిదో నక్కగారే చెప్పాలి."

అందరూ నక్క మెడ చూశారు. గంట కట్టిన నారతాడు ముక్క ఊడక ఇంకా వేలాడుతోంది.

"అది... చలికి కట్టుకున్నా," అంది నక్క.

"వేసవిలోనా?" అంది గేదె.

పంది నెత్తి పట్టుకుంది. "గోతులు తవ్వడం నాకొక్కదానికే వచ్చనుకున్నానే!"

నవ్వులు సద్దుమణిగాక గేదె అంది: "కాలు గురించి అందరం వినాలి. గూబమ్మా, సోముడి ఎదుట చెప్పు."

"కీలు తప్పింది. కుదురుకునేసరికి వానలొస్తాయి."

"ఇంకేమీ చెప్పలేదా వాడు?" అని నక్క ఆఖరి ప్రయత్నం చేసింది.

"చెప్పాడు. కాలికి సంబంధం లేదు."

"అయితే మాకూ లేదు," అంటూ గేదె నెమరు ఆపింది. "పంది మేత తెస్తుంది. గోతులు పందీ నక్కా కలిసి పూడుస్తాయి. ఇకమీదట రోగి వెంట లేకుండా ఏ ప్లీడరూ వైద్యుల గుమ్మం తొక్కకూడదు."

వానలు మొదలయ్యే నాటికి సోముడు దాదాపు సరిగ్గా నడుస్తున్నాడు. పంది ఆ రోజు చింతచెట్టు కింద చివరి మేతమోపు దింపుతుండగా ఆకాశం ఉరిమింది. నిలుచున్నచోటే సోముడి గంట గలగలలాడింది.

"అదేంటి సోమా, కదలకుండా మోగుతోంది?" అంది పంది.

తొర్రలోంచి గూబమ్మ కళ్ళు మూసుకునే అంది: "ఈగలు. ఈ కాలంలో ఎక్కువ."

సోముడు తల వంచుకుని మేత అందుకున్నాడు. రెండో ఉరుముకి గంట కాస్త తక్కువగా మోగింది.

నీతి: రోగి నమ్మి చెప్పిన మాటకి రోగే యజమాని, అది కావాలంటే అతని ఎదుటే అడగాలి.