పాత మీటరు సూది

2016 జూలై 9, శనివారం. నిజామాబాదులో తెల్లవారుజాము నుంచీ సన్నటి తుంపర. గాలి లేదు, ఉక్క తగ్గలేదు. రంజాన్ వెళ్లి రెండు రోజులైంది.

ఆ రోజు బోధన్ రోడ్డులోని జిలానీ ఉస్తాద్ షెడ్డులో బాల్‌రాజ్ తల పట్టుకుని కూర్చున్నాడు. అతని ముందున్నది నా కారు. డెబ్భై ఎనిమిదిలో కొన్నాను. దాని రంగు విషయంలో మా ఆవిడకీ నాకూ ఇప్పటికీ రాజీ కుదరలేదు, అది వేరే సంగతి. కార్బురేటరు తీసేసి, పెట్రోలు సంగతీ నిప్పురవ్వ సంగతీ కంప్యూటరే చూసుకునేలా బాల్‌రాజ్ దానికి కొత్త ఈసీయూ పెట్టాడు. ఇంజిను హాయిగా నడుస్తోంది. కాని డాష్‌బోర్డులో కారుతోపాటు వచ్చిన ఆర్‌పీఎం మీటరు, అంటే ఇంజిను నిమిషానికి ఎన్ని చుట్లు తిరుగుతోందో చూపించేది, పనిచేయడం మానేసింది. సూది సున్నా మీద పడుకుంది.

బాల్‌రాజ్ ఉస్తాద్ దగ్గర పదేళ్లకు పైగా పని నేర్చుకున్న శిష్యుడు. ఆర్మూరు రోడ్డులో సొంత షెడ్డుకి జాగా కూడా చూసుకున్నాడు. మా వైపు మెకానిక్కుల్లో ఒక పద్ధతి ఉంది. ఉస్తాద్ తన నోటితో 'పో' అనకుండా శిష్యుడు వేరే షెడ్డు తెరవడు. తెరిస్తే మిగతా ఉస్తాదులు పానా కూడా ఇవ్వరు. జిలానీ ఉస్తాద్ ఆ మాట అనడం లేదు.

ఎందుకు అనడం లేదో నాకు అంతుపట్టేది కాదు. బాల్‌రాజ్ పనిమంతుడు. లోపమంటూ ఉంటే నోరే. ఎవరు పొరపాటు చేసినా నలుగురిలో పట్టి చూపించేవాడు. ఒకసారి నేను, వాటికి అవి అసలుండవని తెలియక, డీజిల్ బండికి స్పార్క్ ప్లగ్గులు మార్చాలేమో అన్నానని నెలరోజులు నన్ను 'ప్లగ్గు సార్' అనే పిలిచాడు. నేను బీఎస్సీ ఫిజిక్సు.

"సూది కదలాలె," అన్నారు ఉస్తాద్. "అది కదిలిననాడు నీ షెడ్డు సంగతి మాట్లాడుదాం."

"సూదితోని మీకేం పని ఉస్తాద్? మీరు చెవితోని పట్టేటోళ్లు. లాప్‌టాప్‌ల అంతా కనవడ్తనే ఉన్నది గదా."

నాకూ అదే అనుమానం. జిలానీ ఉస్తాద్ చెవి అంటే జిల్లాలో పేరు. పొడుగాటి స్క్రూడ్రైవరు కొన ఇంజినుకి ఆనించి, పిడి చెవికి పెట్టుకుని, ఏ వాల్వు కొట్టుకుంటోందో చెప్పేవారు. ఈ మధ్య పిడిని చెవికి బదులు పళ్ల మధ్య పెట్టుకుంటున్నారు. వయసుతో వచ్చిన చాదస్తం అనుకున్నాను, నాకూ కొన్ని ఉన్నాయి. అలాంటి మనిషికి సూది ఎందుకు?

ఉస్తాద్ పాత సామాను డబ్బాలోంచి హారన్ రిలే ఒకటి వెతికి తీశారు. మూత ఊడదీసి, లోపలి తీగచుట్టను వేలితో తట్టి, బాల్‌రాజ్ చేతిలో పెట్టారు.

"రవ్వ పుట్టిచ్చే పాత కాయిలు ఆ మీటరును గట్టిగ తన్నేది. నీ కంప్యూటరు మెల్లగ గోకుతున్నది. ఈ సూదికి తన్ను కావాలె."

తీగచుట్టలో పారే కరెంటు టక్కున ఆగితే పెద్ద వోల్టేజి ఎగసిపడుతుందని మాకు కాలేజీలో చెప్పారు. చెప్పిన రోజు నా ధ్యాస కిటికీ బయట ఉంది, ఎందుకన్నది ఇక్కడ అనవసరం. బాల్‌రాజ్ ఆ రిలేను కాసేపు అటూ ఇటూ తిప్పి చూశాడు. తర్వాత బ్యాటరీ తీగకీ ఈసీయూ తీగకీ మధ్య ఆ చుట్టను కట్టి, అక్కణ్నుంచి మీటరుకి ఒక తీగ లాగాడు.

అప్పుడే స్పేర్‌పార్ట్స్ కొట్టు శ్రీశైలం గొడుగు విదిలించుకుంటూ వచ్చాడు. ఆయన విన్న మాట సాయంత్రానికి బజారంతా వింటుంది.

"ఏం బాల్‌రాజూ, సూది లేసిందా, ఇంకా పండుకునే ఉన్నదా?"

"మీ కొట్ల సరుకు కాదు గదన్నా, లేస్తది."

ఉస్తాద్ డ్రైవరు సీట్లో కూర్చుని తాళం తిప్పారు. ఇంజిను అందుకుంది. సూది ఒక్కసారి వణికి, లేచి, పదహారు వందల దగ్గర నిలబడింది. శ్రీశైలం చప్పట్లు కొట్టాడు.

ఉస్తాద్ మొహం చిట్లించారు. "ఐడిలింగ్ శానా ఎక్కువున్నది. తగ్గించు."

నాకేమీ అర్థం కాలేదు. ఇంజిను తాపీగా తిరుగుతోంది. పక్కన గుసగుసలాడినా వినిపించేంత నెమ్మది. బాల్‌రాజ్ చేతిలోని లాప్‌టాప్‌లో ఎనిమిది వందలని ఉంది. ఇంజిను తిరిగే ఒక్కో చుట్టుకి మీటరును రెండుసార్లు తన్నాల్సినది నాలుగుసార్లు తన్నుతోంది కాబోలు, సూది రెట్టింపు చూపిస్తోంది. ఎనిమిది వందలకీ పదహారు వందలకీ తేడా కళ్లు మూసుకుని, చప్పుడును బట్టి నేనైనా చెప్పగలను.

బాల్‌రాజ్ నోరు తెరిచాడు. ఉస్తాద్ సూదినే చూస్తున్నారు. బాల్‌రాజ్ ఆయన్ని చూశాడు, శ్రీశైలాన్ని చూశాడు.

"అవును ఉస్తాద్. జర ఎక్కువైంది," అన్నాడు.

లాప్‌టాప్‌లో ఏదో నొక్కాడు. సూది దిగి ఎనిమిది వందల మీద ఆగింది. ఇంజిను చప్పుడు పిసరంత కూడా మారలేదు.

"ఆఁ, ఇప్పుడు సక్కగున్నది," అన్నారు ఉస్తాద్.

"చెవి అంటే మీదే ఉస్తాద్," అని శ్రీశైలం గొడుగు తెరుచుకుని వెళ్లిపోయాడు.

నేను బాల్‌రాజ్‌ని అడగబోయాను. "సార్, సేమ్యా ఉన్నది, తింటరా?" అన్నాడు.

ఉస్తాద్ కిందికి దిగారు. నడుస్తున్న ఇంజిను పైన, బానెట్టు మీద అరచేయి ఆనించి, అదురు చూస్తున్నట్టు చాలాసేపు నిలబడ్డారు. ఆ తర్వాత బాల్‌రాజ్ వైపు తిరిగారు.

"ఎంత నుంచి ఎంతకు తగ్గించినవ్ బేటా?"

బాల్‌రాజ్ లాప్‌టాప్ మూసేశాడు.

"ఇంజిను ఇనుడు నీకు ఎప్పుడో వచ్చింది," అన్నారు ఉస్తాద్. "ఊకుండుడు ఇయ్యాల వచ్చింది. పో, షెడ్డు పెట్టుకో."

బాల్‌రాజ్ ఆయనకు ఎదురుగా వచ్చి నిలబడి, నిదానంగా అన్నాడు. "వానలు పోయినంక చూస్తా."

ఆ వానలు పోయాయి. మరుసటేడు వానలూ పోయాయి. ఆర్మూరు రోడ్డు జాగా వేరేవాళ్లు తీసుకున్నారు. ఏ బండి వచ్చినా ఉస్తాద్ స్క్రూడ్రైవరు ఆనించేవారు, బాల్‌రాజ్ పక్కన నిలబడేవాడు, ఉస్తాద్ బండి జబ్బు చెప్పేవారు. ఒక్కటీ తప్పు పోలేదు. వాళ్ల మధ్య ఏ సైగ నడిచేదో, రోజూ అక్కడే స్టూలు మీద కూర్చున్నా నాకు దొరకలేదు.

ఉస్తాద్ 2019 చలికాలంలో పోయారు. కొడుకులు లేరు. షెడ్డు తమ్ముడి కొడుక్కి వచ్చింది, అతను దాన్ని టైర్ల గోడౌను చేశాడు. పానాలూ జాకీలూ చిన్నల్లుడు తీసుకున్నాడు, కంప్రెసరు పెద్దల్లుడికి వెళ్లింది. శ్రీశైలం గుర్తుగా ఉంటుందని గోడ గడియారం అడిగి పట్టుకుపోయాడు. బాల్‌రాజ్‌కి ఏమీ రాలేదు. పంపకాలప్పుడు గుమ్మంలోనే ఉన్నాడు. ఎవరూ అడగలేదు, అతనూ నోరు తెరవలేదు.