దానిమ్మకు తోరము విప్పించిన పెరటిలక్ష్మి కథ

పూర్వమొకప్పుడు దర్భవనమున మునులందరు గూడి యుండగా, కుటజుడను ముని వృద్ధుడైన ఆర్ద్రక మహర్షికి నమస్కరించి, స్వామీ, లోకములో గృహిణులు నీరు పోసి, పసుపు కుంకుమలు పెట్టి, ప్రదక్షిణములు చేసినను కొందరి పెరటి చెట్లు చీడపట్టి యెండుచున్నవేమి, దీనికి తరణోపాయమేమని యడిగెను. అందుకు మహర్షి, నాయనా, మంచి ప్రశ్న వేసితివి, పెరటిలక్ష్మి వ్రతమని యొకటి కలదు, దానిని మరచి చెడి, మరల చేసి బాగుపడిన యొక తల్లి కథ చెప్పెదను, వినుమనెను.

చిగురుకోటయను గ్రామమున రామానుజయ్య యను గృహస్థుండెను. అతని భార్య పేరిందేవి. అతని తల్లి సుభద్రమ్మ. ఆ సుభద్రమ్మ బ్రతికియున్న దినములలో ఆ పెరడు చూడవలసినదే గాని చెప్పనలవి కాదు. తెల్లవారి తలుపు తీయగానే పారిజాతములు నేలంతయు పరచుకొని యుండెడివి. కరివేపచెట్టు కొమ్మ తగిలిన చాలు, చీరకొంగు మధ్యాహ్నము వరకు వాసన వేసెడిది. మల్లెలు, నిమ్మలు, మందారములు, మధ్యలో దానిమ్మ. పేరంటమునకు వచ్చిన ముత్తైదువలు వట్టి చేతులతో పోయెడివారు కారు. ఆ పూలు, ఆ కాయలే ఆ యింటి కలిమి. మంచు ఆరకముందే పొయ్యిబూడిద జల్లెడ పట్టి ఆకులపై చల్లుచు ఆమె ఏదో సన్నగా పాడుకొనెడిది. ఆ పాట యేదియో కోడలు అడుగనేలేదు. అడిగియుండవలసినది.

ఆ వంశమున అత్తాకోడండ్రు ఆషాఢమాసమున ఒక్క గడప దాటరాదను ఆచారము గట్టిగా పాటించెడివారు. కావున పేరిందేవి ఏటేట ఆ నెలంతయు పుట్టింటనుండి, శ్రావణమునకు తిరిగి వచ్చెడిది. వచ్చిన శుక్రవారమున అత్తగారు దానిమ్మ మొదలునకు పసుపుతోరము కట్టుచుండగా పళ్ళెము పట్టుకొని నిలిచెడిది. కట్టుట చూచెను గాని తక్కినదేమియు చూడలేదు. ఆమెకు కనకవల్లి యను కూతురు పుట్టగా, ఆ బిడ్డ బొడ్డుపేగును దానిమ్మ మొదటనే పాతిపెట్టిరి. చెట్టెట్లో బిడ్డయట్లే యని పెద్దలు చెప్పిరి. ఆ మాట పేరిందేవి గుండెలో ముల్లువలె దిగెను. ఆ మరుసటి యేడు సుభద్రమ్మ కాలము చేసెను.

తొలియేట మల్లెకు పేను పట్టెను. పేరిందేవి అయ్యో, ఏమి కీడు మూడనున్నదోయని గుండెలు బాదుకొని, దానిమ్మకు పాత తోరముపై ఇంకొక తోరము గట్టెను. రెండవయేట నిమ్మాకులను, కరివేపాకును పచ్చపురుగు తినివేసెను. అయ్యో, ఏమి కీడు మూడనున్నదోయని మరి రెండు తోరములు గట్టెను. మూడవయేట బిడ్డ తుమ్మినను తోరమే, దగ్గినను తోరమే. ఒకనాడు రామానుజయ్య చూచి, “ఏమే, ఇన్ని తాళ్ళెందుకు కట్టావు? చెట్టు రాత్రికి రాత్రి పారిపోతుందనా?” యని నవ్వెను. “మీకన్నీ వేళాకోళమే. పిల్లకేమైనా అయితే అప్పుడు తెలుస్తుంది,” అని ఆమె కన్నీరు పెట్టుకొనెను.

ఆ యేడు దానిమ్మ కొమ్మలు తెల్లని పిండినల్లితో నిండెను. పిందెలు రాలెను. పేరంటములు ఆగిపోయెను. నాలుగేండ్ల కనకవల్లికి జ్వరము వచ్చి, అన్నము సయింపక మంచము పట్టెను. వైద్యుడు, వారము దినములలో తగ్గునని చెప్పినను తల్లి నమ్మలేదు. ఎండుచున్న కొమ్మను చూచి బిడ్డను చూచుటయు, బిడ్డను చూచి కొమ్మను చూచుటయు, ఇదే ఆమె పనియయ్యెను.

అట్లుండగా ఆషాఢ శుక్రవారమున నుదుట పెద్ద బొట్టుతో ఒక ముసలి ముత్తైదువ వాకిట నిలిచి, “తల్లీ, నాలుగు రెబ్బలు కరివేపాకు పెట్టవే. మజ్జిగపులుసు పొయ్యి మీదుంది,” అనెను.

“ఎక్కడి కరివేపాకు బామ్మగారూ! మొన్న నేనే పొరుగింటికెళ్ళి చెయ్యి చాచాను.”

ముసలామె పిలువకుండనే పెరటిలోనికి పోయి, దానిమ్మను తడిమి, “ఇదేమిటే, చెట్టు మెడకు ఉరి బిగించావు?” అనెను.

పేరిందేవి చెవులు మూసికొనెను. “అంతమాటనకండి! అవి తోరాలు. పిల్ల చల్లగా ఉండాలని కట్టాను.”

“కట్టావు సరే. విప్పిందెప్పుడు?”

“తోరం విప్పితే అమంగళం కాదూ?”

“మీ అత్త ఏటేటా విప్పేదే, వెర్రిదానా. ఆషాఢంలో. నువ్వు పుట్టింట్లో మీ అమ్మ చేత తలంటు పోయించుకుంటున్నప్పుడు.”

అంతట ముసలామె ఆ వ్రతవిధానమంతయు చెప్పెను. ఆషాఢ శుక్రవారములందు పాత తోరము విప్పి పారునీట విడువవలెననియు, ప్రతి ఆకును తిరుగవేసి చూడవలెననియు, నల్లి కనబడినచో కుంకుడు నురుగుతో కడుగవలెననియు, పురుగు తిన్న కొమ్మ కోసి దూరముగా కాల్చవలెననియు, చెద పట్టకుండ మొదలునకు సున్నము, ఎఱ్ఱని జేగురుమన్ను పూయవలెననియు, శ్రావణమున రెండు వ్రేళ్ళు దూరునంత వదులుగా కొత్త తోరము కట్టవలెననియు బోధించెను. ఆ తొలి విప్పుట మీరే చేయుడని పేరిందేవి కాళ్ళు పట్టుకొనగా, “కట్టిన చేతులే విప్పాలే,” యని యామె తల యడ్డముగా నూపెను.

పేరిందేవి కొడవలి తెచ్చెను. తోరములు బెరడులోనికి దిగియుండెను. ఒకటి కోసి, పెరటి అరుగుమీది మంచము వంక చూచెను. బిడ్డ కదలలేదు. రెండవది కోసెను. క్రింద పిండినల్లి బియ్యపుపిండి ముగ్గువలె బారులు తీరియుండెను. తాను కీడునకు భయపడి కట్టినచోటనే కీడు గూడు కట్టుకొన్నదని అప్పుడు తెలిసికొని, ఏడు తోరములును కోసెను. ఏడవది తెగునప్పటికి అరుగుమీదినుండి కనకవల్లి, “అమ్మా, మజ్జిగుందా?” యని పిలిచెను. తల్లి పరుగెత్తెను. బిడ్డకు మజ్జిగ త్రాగించి తిరిగి చూచునప్పటికి ముసలామె లేదు. వీథిలో నెవ్వరును ఆమెను చూడలేదనిరి.

తరువాత నాలుగు శుక్రవారములు పేరిందేవి ఆ ముసలామె చెప్పినట్లెల్ల చేసెను. ఒక్క దినమున బాగుపడలేదు. మొదట బిడ్డ కోలుకొనెను, పిదప మల్లె, ఆ పిదప నిమ్మ. కార్తికమున దానిమ్మ గాటుల క్రిందినుండి ఎఱ్ఱని చిగురు వేసెను. మరుసటి యేడు కాసెను. ముత్తైదువలు మరల ఒడినిండ పూలు కోసికొనిపోయిరి. ఆ గాటులు మాత్రము మానలేదు. పేరిందేవి బూడిద చల్లునపుడెల్ల వానిని తడిమి, అత్తగారిని తలచుకొనుచుండెను. కనకవల్లిని అత్తవారింటికి పంపునాడు, కట్టుట కంటె ముందు విప్పుట నేర్పి పంపెను.

కావున ఓ కుటజా, ఈ వ్రతమును కొత్తకోడండ్రు, సంతానవతులు, పెరడుగలవారు, కుండలో ఒక్క తులసి గలవారును చేయవచ్చును. బిడ్డలకేమగునోయని నిదురపట్టని తల్లులు తప్పక చేయవలెను. చేసినవారి చెట్లు చీడ లేక పెరుగును, ఇల్లు పూలతో కాయలతో నిండును, అడిగినవారికి లేదను మాట నోట రాదు. కథ విన్నవారు అక్షతలు వెంటనే శిరస్సున వేసికొనక, పెరటిలోనికి పోయి ఒక్క ఆకైనను తిరుగవేసి చూచి, తోరములో రెండు వ్రేళ్ళు దూర్చి, ముందుగా చెట్టుమొదట చల్లి, మిగిలినవి బిడ్డల తలలపై వేయవలెను.