జాడీ లోపల

ఏడేళ్లుగా మట్టి పిసికీ పిసికీ లొరేన్ అలిసిపోయింది.

అమెరికాలో నార్త్ కరొలినా కొండల్లో, ఇడా అనే పెద్దావిడ దగ్గర ఆమె కుండల పని నేర్చుకుంటోంది. అక్కడిప్పుడు కుండలు వాడకానికే కాదు, బొమ్మ గీసినట్టు, పాట కట్టినట్టు మనసులో మాట చెప్పుకోవడానికీ చేస్తారు. లొరేన్ రెండుసార్లు తన కుండల్ని ప్రదర్శనకి పంపింది. రెండుసార్లూ తిప్పి పంపారు. "పనితనం ఉంది, నీ మనసే కనబడలేదు" అని రాశారు. మూడోసారీ అదే మాటైతే ఇక కుమ్మరి సారె ముట్టుకోననుకుంది.

ఆ సాయంత్రం తన జాడీ తెచ్చి బల్ల మీద పెట్టింది. ఇంకా కాల్చలేదు. ప్లాస్టిక్ కవరు కప్పి ఉంచడంతో మట్టి పచ్చిగానే ఉంది. చుట్టూ కత్తితో అడ్డదిడ్డంగా గాట్లు పెట్టింది.

"ఏమిటిది? పిల్లి రక్కిందా?" అంది ఇడా.

"నా దుఃఖం అండీ." నవ్వే ఓపిక కూడా లేదు లొరేన్‌కి. "ఈసారైనా వాళ్లకి కనబడాలి కదా. రేపు బట్టీలో పెట్టనా, వద్దా, అది చెప్పండి చాలు."

ఇడా గాట్ల వైపు చూడలేదు. కీళ్లనొప్పులతో వంకర్లు పోయిన చేతిని జాడీలోకి దించి, కళ్లు మూసుకుని, అడుగు నుంచి పైకి తడుముకుంటూ వచ్చింది. సగంలో ఆగింది. తన చెయ్యి తీసి, లొరేన్ చెయ్యి పట్టుకుని లోపల పెట్టింది.

"ఇక్కడ ఏమైంది పిల్లా?"

సారె తిరుగుతుంటే వేళ్లు వదిలిన సన్నని చాళ్లు తగిలాయి. ఒక్కచోట ఆ చాళ్లు తెగి, రెండు గుంటలున్నాయి. లొరేన్ వేళ్లు వాటిలో సరిగ్గా కూర్చున్నాయి.

"ఫోనొచ్చింది," అంది. "ఆసుపత్రి నుంచి. చెల్లెలు పోయిందని. సారె ఆపేశాను. ఒక చేతిలో ఫోను, ఒక చెయ్యి లోపల... అలాగే ఉండిపోయాను."

"తర్వాత?"

"తర్వాతేముంది. మట్టి ఆరిపోతుందని పైభాగం లాగి పూర్తిచేశాను."

ఇడా మోకాళ్లు పట్టుకుని మెల్లగా లేచింది.

"మరి బయటి గాట్లు ఎవరివి?"

లొరేన్ లోపలి చెయ్యి తీయలేదు. రెండో చేత్తో తడిగుడ్డ అందుకుని బయటి గాట్ల మీద రుద్దింది.